బల్లపై పచ్చిక బయలు

మనిషి ఎక్కడ నివసించినా తన తావుకు తగిన ఆటను కల్పించుకొంటాడు. చింతగింజలు దొరికిన చోట వామనగుంటలు, అరుగు బండ దొరికిన చోట పులిజూదము, ఇరుకు ఇళ్ళలో క్యారమ్స్. ఆటకు తగిన తావు లేనప్పుడు ఆటనే తావుకు తగినట్లు మలచుకొనవలసి వస్తుంది. దాదాపు 40 మీటర్ల పచ్చిక బయలుపై ఆడే లాన్ బౌల్స్ అనే ఆటను 8 అడుగుల బల్లపైకి తేవలసిన అవసరము నాకు కలిగినది. ఆ ప్రయత్నములో నేను నేర్చుకొన్న రెండు మాటలను విద్యార్థి మిత్రులకు, కళాశాల కమిటీ పెద్దలకు విన్నవించుకోవడమే ఈ వ్యాసము యొక్క ఉద్దేశ్యము.

మా అబ్బా కర్నూలులో మా పేట వారందరికీ క్యారమ్స్ ఆటగాడుగా పరిచితుడు. రంజాను రాత్రులలో తరావీహ్ నమాజు ముగిసిన పిమ్మట మా వాకిట దీపము క్రింద బల్ల వెలిసేది. ఆయన స్ట్రైకర్‌పై వ్రేలు ఉంచితే చుట్టూ ఉన్నవారు మాట ఆపి చూచేవారు. 2021 డిసెంబరులో ఆయనకు పక్షవాతము వచ్చినది. కాలు నాలుగు నెలలలో కుదుటపడినది గాని కుడి చేతి వ్రేళ్ళు మాత్రము మునుపటి వలె పలుకలేదు. ఒకనాడు ఎడమచేతితో క్యారమ్స్ ఆడబోయారు. స్ట్రైకర్ బల్ల దాటి నేలపై పడినది. ఆయన ఏమీ అనలేదు. పౌడరు తుడిచి, బల్లను అల్మైరా వెనుక నిలబెట్టారు. ఆనాటి నుండి మా ఇంట క్యారమ్స్ మాట ఎత్తినవారు లేరు.

ఫిజియోథెరపీ చేయించే డాక్టరమ్మ రోజూ వస్తువులను పట్టుకోవడము, దొర్లించడము, విడవడము చేయాలని చెప్పి ఒక రబ్బరు బంతి ఇచ్చినది. అబ్బా దానిని నాలుగు రోజులు పిసికి కిటికీలో పెట్టారు. “ఇది పసిపిల్లల పని” అన్నారు.

2022 ఆగస్టు 2వ తేదీన బర్మింగ్‌హామ్ కామన్వెల్త్ క్రీడలలో లాన్ బౌల్స్ మహిళల ఫోర్స్ పోటీ తుది ఆట జరిగినది. లవ్లీ చౌబే, పింకీ, నయన్‌మొనీ సైకియా, రూపారాణి తిర్కీ అనే నలుగురు భారత క్రీడాకారిణులు దక్షిణాఫ్రికాను 17–10 తేడాతో ఓడించి స్వర్ణ పతకము సాధించారు. ఈ క్రీడలలో లాన్ బౌల్స్ 1930 నుండి ఉన్నది. ఒక్క 1966లో మాత్రము లేదు. అన్నేళ్ళలో ఆ ఆటలో మన దేశమునకు దక్కిన మొదటి పతకము అదే. ఆ ఆటను టెలివిజన్‌లో మా అబ్బా చివరి దాకా కన్నార్పక చూచారు. ముగిసిన పిమ్మట, “బేటా, ఈ బంతిని విసరడము లేదు, కొట్టడమూ లేదు. మెల్లగా విడుస్తున్నారు, అంతేనా?” అని అడిగి, ఒడిలో ఉన్న తన కుడి చేతి వైపు చూచుకొన్నారు. నా ప్రయత్నమునకు ఆ చూపే మూలము.

ఆట నియమములు సులభమైనవి. మొదట జాక్ అనే చిన్న తెల్ల బంతిని దూరముగా దొర్లిస్తారు. తరువాత ఇరువురు ఆటగాళ్ళు తలా నాలుగు పెద్ద బంతులను ఒకరి తరువాత ఒకరు దొర్లిస్తారు. ఎదుటివాని అన్ని బంతుల కన్న జాక్‌కు దగ్గరగా ఉన్న మన బంతి ఒక్కొక్కదానికి ఒక్కొక్క పాయింటు. సంప్రదాయము ప్రకారము ముందుగా 21 పాయింట్లు గడించినవారిది గెలుపు. కష్టమంతా బంతిలో ఉన్నది. అది సంపూర్ణ గోళము కాదు; దాని రెండు పక్కలు సమానముగా ఉండవు. అందుచేత అది తిన్నగా పోదు. మొదట నేరుగా సాగి, వేగము తగ్గిన కొలది ఒక వైపునకు వంగి, చివర కొడవలి వలె తిరుగుతుంది. దీనిని వారు బయస్ అంటారు. మన భాషలో దీనికి ‘వంక’ అన్న మాట చక్కగా సరిపోతుంది.

ఈ ఆటకు చరిత్ర పెద్దదే. ఇంగ్లండులోని సౌతాంప్టన్ పట్టణమున గల పచ్చిక బయలు 1299 నాటిదని ప్రసిద్ధి. 1541లో ఎనిమిదవ హెన్రీ రాజు కాలమున చేసిన చట్టము చేతిపనివారు, కూలీలు, సేవకులు ఈ ఆట ఆడరాదని నిషేధించినది. క్రిస్మస్ దినములలో మాత్రము, అదియు యజమాని ఇంట, యజమాని ఎదుట ఆడవచ్చును. భూవసతి గల ధనికులకు తమ తోటలలో ఆడుకొనుటకు అనుమతి లభించేది. ఆ చట్టము 1845 వరకు రద్దు కాలేదు. ఈ సంగతి చదివినప్పుడు, తోట లేనివారి ఇంట ఈ ఆటను నెలకొల్పాలన్న పట్టుదల నాలో ఇంకొంత హెచ్చినది.

ప్లైవుడ్ పలకను నిలువునా సగము కోయించితే 8 అడుగుల పొడవు, 2 అడుగుల వెడల్పు గల బల్ల వచ్చినది. 120 అడుగుల బయలును 8 అడుగులు చేస్తే పదిహేనవ వంతు. అన్నింటినీ అదే లెక్కన తగ్గిస్తే చాలునని మొదట అనుకొన్నాను. లెక్క వేసి నవ్వుకొన్నాను. సుమారు 12 సెంటీమీటర్ల అసలు బంతి శనగగింజ అంత, 63 మిల్లీమీటర్ల జాక్ మిరియపు గింజ అంత అవుతాయి. ఆరోగ్యవంతుని వ్రేళ్ళకే చిక్కని గింజలు అబ్బా వ్రేళ్ళకు ఎట్లా చిక్కుతాయి? ఆటను చిన్నది చేయడమంటే అన్నింటినీ సమముగా కుదించడము కాదని అప్పుడు తెలిసినది. జాక్‌కు గోలీకాయను తీసుకొన్నాను. దాని అడ్డుకొలత 16 మిల్లీమీటర్లు. బంతి దానికి ఇంచుమించు రెండింతలు ఉండాలి గనుక 30 మిల్లీమీటర్లుగా నిర్ణయించాను. బంతికీ జాక్‌కూ గల సంబంధము నిలిచినది. వ్రేళ్ళకు పట్టు దొరికినది.

తరువాతి చిక్కు వేగము. నున్నని సన్మైకాపై బంతి ఆగనే ఆగదు. గొంగడిపై సగము దూరమునకే ఆగి, నూలు పోగుల దారిన పక్కకు పోతుంది. అసలు పచ్చికపై బంతి 27 మీటర్లు సాగి నిలుచుటకు నేలను బట్టి సుమారు 10 సెకన్ల నుండి 18 సెకన్ల వరకు పడుతుంది. ఇందులో ఒక చమత్కారమున్నది. ఎక్కువ సెకన్లు పట్టే నేలనే వారు వేగమైన నేల అంటారు. అక్కడ బంతిని మెల్లగా విడిచినా చాలును, అది తాపీగా అంత దూరమూ వెళుతుంది. మా బల్లకు కూడా అటువంటి నేలే కావాలి. కచేరీ బల్లలపై పరచే ఆకుపచ్చని బనాతు కొని, దాని నూగు నిలువుగా ఉండేటట్లు బిగించి అతికించాను. బంతి రెండు మీటర్లు సాగి నాలుగు సెకన్లకు నిలిచినది. పొరుగింటి మేస్త్రీ రసమట్టము తెచ్చి బల్ల నాలుగు మూలలు సరిచేసి పెట్టినాడు.

ఇక వంక మిగిలినది. ఒక నాణెమును అంచుపై నిలిపి దొర్లించి చూడండి. వేగముగా ఉన్నంత సేపు తిన్నగా పోతుంది. మెల్లబడిన కొలది ఒక పక్కకు వాలి, వాలిన వైపే మలుపు తిరుగుతుంది. బంతిలో బరువు నడిమి గీతకు ఒక పక్కగా ఉంటే జరిగేదీ ఇదే. నేను కొయ్య పూసలకు ఒక పక్క రంధ్రము చేసి సీసము నింపాను. అవి త్రాగినవాని వలె తూలి, సగము దారిలోనే బల్ల దిగి పోయినవి. పూర్వము అసలు ఆటలోను బంతులకు సీసము పెట్టేవారు; తరువాత దానిని నిషేధించి, వంకను ఆకారము వలననే కల్పించాలని నియమము చేశారు.

మంచము కోళ్ళు తరిమెన పట్టే వడ్రంగి తాత వద్దకు వెళ్ళాను. అంతకు ముందు చదివిన కథ ఒకటి ఆయనకు చెప్పాను. 1522లో సఫోక్ ప్రభువు ఆడుతుండగా బంతి పగిలినదట. ఆయన ఇంటిలోనికి పోయి మెట్ల కటకటాల కొయ్య గుండు ఒకటి కోయించి తెచ్చినాడట. కోసిన పక్క చదునుగా ఉండుట వలన అది వంకరగా దొర్లినదట. కథ నిజమో కాదో గాని తాతకు అది నచ్చినది. “మంచము కోడు గుండ్లు నా దగ్గర బస్తాలు ఉన్నాయి. మీ నాయన ఎట్లున్నాడు?” అంటూనే ఎనిమిది గుండ్లు పట్టి, ఒక్కొక్కదానికి ఒక చెక్కిలి కొంచెము చదును చేసి ఇచ్చినాడు. డబ్బు తీసుకోలేదు. ఆ గుండ్లు రెండు మీటర్లలో ఆరంగుళాలు వంగినవి. బరువైన వైపునకే, చివరి మూరలోనే. ఆట దొరికినది.

బల్లపై రెండు దారములు 15 అంగుళాల ఎడముతో కట్టి హద్దులు చేశాను. హద్దు దాటిన బంతి వంక తిరిగి లోపలికి వచ్చి ఆగితే చెల్లుతుంది. వెలుపల ఆగితే చెల్లదు. బల్ల చివర గుడ్డ పరచిన కాలువ. జాక్‌ను తాకి కాలువలో పడిన బంతికి సుద్ద గుర్తు పెట్టి లెక్కలోకి తీసుకొంటాము. ఇవన్నీ అసలు నియమములే.

మొదటి సాయంత్రము అబ్బా కుర్చీలో కూర్చొని బంతి తీసుకొన్నారు. అది వ్రేళ్ళ నుండి జారి జానెడు దూరములో ఆగినది. రెండవది కాళ్ళ వద్ద పడినది. నేను మరునాడే చిన్న వాలు పలక ఒకటి చేసి, దానిపై బంతి ఉంచి తాకితే చాలునన్నాను. పారాలింపిక్స్‌లో 1984 నుండి ఆడుతున్న బోచా ఆటలో చేయి సాగనివారు ఇటువంటి వాలునే వాడుతారని కూడా చెప్పాను. అబ్బా ఆ పలకను పక్కకు జరిపి, “అది వారికి న్యాయమే బేటా. నాకు చేయి ఉన్నది, ఆలస్యముగా వింటున్నది. ఆలస్యమును నేను ఓర్చుకొంటాను. నీవు ఓర్చుకోలేవా?” అన్నారు. నేను సిగ్గుపడినాను.

నెలలు గడిచినవి. అమ్మీ, ఆపా కూడా ఆటలో చేరారు. అబ్బా బంతి సగము దూరము పోయినది, తరువాత ముప్పాతిక, తరువాత జాక్ దాకా. ఓడిన ప్రతి రోజు ఆయన, “ఈ ఎనిమిదింటిలో రెండు బంతులు వేరుగా ఉన్నాయి. అవి ఎక్కువ తిరుగుతున్నాయి” అనేవారు. చేయి వణికి తప్పిపోయినందుకు బంతికి వంక పెడుతున్నారని నేను లోలోపల అనుకొనేవాణ్ణి. ఒక రోజు ఆపా, “నీవు పరీక్షించి చూచావా?” అని అడిగినది.

లేదు. అసలు ఆటలో బంతులన్నింటి వంకను ఒక ప్రమాణ బంతితో పోల్చి, ప్రత్యేకమైన బల్లపై దొర్లించి పరీక్షించి ముద్ర వేస్తారు. ఈ సంగతి చదివి కూడా నేను ఆ పని చేయలేదు. మూలన పడిన వాలు పలకను తెచ్చి ఎనిమిది బంతులను ఒకే ఎత్తు నుండి విడిచాను. ఆరు బంతులు ఒకే చోట ఆగినవి. రెండు మాత్రము అంగుళమున్నర ఎక్కువ వంగినవి. అబ్బా చెప్పిన ఆ రెండే. నా ఆరోగ్యమైన చేయి ఇన్నాళ్ళూ తెలుసుకోలేని తేడాను ఆయన చేయి ఎప్పుడో తెలుసుకొన్నది. నేను ఆయనలో వెదకిన వంక నా పనిలోనే ఉన్నది. ఆ మాటే ఆయనతో చెప్పి క్షమాపణ కోరాను. ఆయన నవ్వి, “రెండింటినీ గరుకు కాగితముతో రుద్దు, రాత్రికి ఆడుదాము” అన్నారు.

ఆ రాత్రి ఆయన నన్ను 21–16 తో ఓడించారు. ఆయన చేయి పూర్తిగా నయము కాలేదు. చొక్కా బొత్తాము నేటికీ అమ్మీయే పెడుతున్నది. క్యారమ్స్ బల్ల అల్మైరా వెనుకనే ఉన్నది. అయితే సాయంత్రము కాగానే, “బల్ల వేశావా?” అన్న పిలుపు మా ఇంట తిరిగి వినవస్తున్నది.

విద్యార్థి మిత్రులారా! మన కళాశాలలోను ఆటల గంటలో మైదానమునకు పోలేక గదిలో కూర్చొనే సోదర సోదరీమణులు ఉన్నారు. ఒక పలక, రెండున్నర మీటర్ల బనాతు, ఎనిమిది మంచము కోడు గుండ్లు చాలును. కమిటీ పెద్దలు అనుమతించి విశ్రాంతి గదిలో ఇంత చోటు చూపిస్తే బల్లను నేను తయారుచేసి ఇస్తాను. బంతులను మాత్రము ముందుగా మా అబ్బా చేతికి ఇచ్చి పరీక్ష చేయిస్తాను.