మందు మానొద్దు, కంటి ఫోటో అడుగుదాం

మేము ఏర్పేడు పక్క యానాది కాలనీ పిల్లోళ్లం. మా ఇండ్లల్లో కాలేజీ గడప తొక్కింది మేమే మొదలు. హాస్టల్లో ఉండి చదువుకుంటున్నాం. ఈ మాట రాయాలా వద్దా అని చానా రోజులు ఆలోచించినాం. మేము చేసిన తప్పు ఇంకొకరు చెయ్యకూడదని రాస్తున్నాం.

మా కాలనీలో ఒక మామ ఉన్నాడు. పేరు చెప్పం. చానా ఏండ్లుగా హెచ్ఐవి మందులు మింగుతున్నాడు. మొదటి మందులు పనిచెయ్యకపోతే రిటోనావిర్ కలిసిన రెండో వరస మందులకు మార్చినారు. ఆ మందులే ఆయన్ని నిలబెట్టినాయి. పోయిన ఏడాది నుంచి కండ్లకు మబ్బు కమ్మినట్టు ఉందిరా అనేవాడు. సెలవులకు పోయినప్పుడు సెల్లులో వెతికి, "మామా, ఈ మందు కంటి రెటీనాను చెరుపుతుందంట" అని చదివి వినిపించినాం. చదువుకున్న పిల్లోళ్లం కదా, నమ్మినాడు. ఎవరికీ చెప్పకుండా పదకొండు రోజులు మాత్రలు మానేసినాడు. తెలిసిన రోజు మాకు చేతులు ఆడలా.

తిరుపతికి పిలుచుకుపోయి మందులిచ్చే డాక్టరుకు ఉన్నదున్నట్టు చెప్పినాం. ఆయన తిట్టలా. మానితే వైరస్ మళ్లీ లేస్తుంది, మందుకు లొంగకుండా పోవచ్చు అని చెప్పి, రక్త పరీక్ష రాసి, కంటి డాక్టరు దగ్గరికి పంపినాడు. అక్కడ చుక్కలు వేసి పాప పెద్దది చేసి, ఫండస్ ఫోటో తీసినారు. తర్వాత ఓసీటీ. అది వెలుతురుతోనే రెటీనా పొరలను పొర పొరగా చూపిస్తుంది. సూది లేదు, నొప్పి లేదు. మామ రెటీనా బాగుంది. మబ్బుకు కారణం శుక్లం.

మేము చదివింది అబద్ధం కాదు, సగమే చదివినాం. రిటోనావిర్ చానా కాలం వాడినోళ్లలో రెటీనా దెబ్బతిన్నదని 2011లో వైద్య పత్రికలో వచ్చింది, కానీ అది అరుదు. అంతకుముందు కామెర్ల వైరస్‌కు ఇంటర్‌ఫెరాన్ సూదులు వేసిన కాలంలో రెటీనా మీద దూది మచ్చలు, రక్తపు చుక్కలు వచ్చేవి. 1990లోనే జపాన్ డాక్టర్లు రాసినారు. ఎక్కువమందికి అవి తగ్గిపోయేవి. ఇప్పుడు హెపటైటిస్ సి‌కి మాత్రలే, 2018 జూలై 28న మొదలైన జాతీయ కార్యక్రమం కింద ఉచితం.

కాబట్టి మన కాలనీల్లో ఇట్లాంటి మందులు వాడేవాళ్లకు చూపు మసకైతే మూడు మాటలు చెప్పండి: మాత్ర మానొద్దు, డాక్టరుకు దాచొద్దు, కంటి ఫోటో అడిగి దాని కాపీ దాచుకో. ఈసారి ఫోటో పక్కన పాతది పెడితేనే మార్పు తెలుస్తుంది. హెచ్ఐవి గురించి అడగడానికి సిగ్గయితే 1097కి ఫోన్ చెయ్యొచ్చు, ఖర్చు లేదు.

మామ ఇప్పుడు మాత్రలు మింగుతున్నాడు. శుక్లం ఆపరేషన్‌కు జతగా మేమే పోతాం. ఈ తూరి ఏది చదివినా, డాక్టర్ని అడిగినాకే ఆయనకు చెప్తాం.