నల్లమలలో విద్యార్థి... మార్లవాయిలో చుట్టం

వియన్నా ఎక్కడ, నల్లమల ఎక్కడ! ఆ నగరంలో పుట్టిన ఒకాయన ఈ అడవికి వచ్చి, డేరా వేసుకుని, చెంచులు ఏ గడ్డ తవ్వుకుంటారో, ఏ దేవతకు మొక్కుకుంటారో రాసుకుంటూ నెలల తరబడి ఉండిపోయారు. అదీ 1940లో! ఆయన పేరు క్రిస్టాఫ్ వాన్ ఫ్యూరర్ హైమన్‌డార్ఫ్. వెంట ఆయన భార్య బెట్టీ ఎలిజబెత్. ఆ దంపతులు తర్వాత మన రాష్ట్రంలోనే మరో మూల గిరిజనుల కోసం బడి పెట్టించారు. అక్కడి ఊరివాళ్లలో కలిసిపోయారు. ఎంతగా అంటే... వాళ్ల సమాధులు కూడా ఆ ఊళ్లోనే ఉన్నాయి.

ఆ కథ మొదలైన చోటు చూడాలంటే హైదరాబాద్‌లో శ్రీశైలం బస్సెక్కాలి. ఆమనగల్లు, కల్వకుర్తి దాటి, నల్గొండ జిల్లా అంచున డిండిని పలకరించి, మళ్లీ పాత పాలమూరు నేలలోకి వస్తుంది రోడ్డు. అటూ ఇటూ పత్తి, ఆముదం చేలు. హాజీపూర్ దాటి ఘాటెక్కితే మన్ననూరు. అక్కడ అటవీశాఖ చెక్‌పోస్టు. రాత్రి తొమ్మిదింటికి గేటు పడితే మళ్లీ తెల్లారాకే తీస్తారు. రాత్రిళ్లు ఆ రోడ్డు జంతువులది. దాని అవతల అమ్రాబాద్ పీఠభూమి. ఒకప్పుడు మహబూబ్‌నగర్ జిల్లా, 2016 నుంచి నాగర్‌కర్నూల్ జిల్లా.

హైమన్‌డార్ఫ్ ఇక్కడికి రావాలని వచ్చిన మనిషి కాదు. అంతకుముందు 1936-37లో నాగా కొండల్లో పనిచేశారు. మళ్లీ అక్కడికే పోదామని 1939లో భార్యతో కలిసి మన దేశం వచ్చారు. ఇంతలో ప్రపంచయుద్ధం! ఆస్ట్రియా అప్పటికే హిట్లర్ చేతిలో ఉంది. ఆయన చేతిలో ఉన్నది జర్మన్ పాస్‌పోర్టు. బ్రిటిష్ ప్రభుత్వం లెక్కలో ఆయన శత్రుదేశపు పౌరుడు. హైదరాబాద్ సంస్థానం దాటి వెళ్లకూడదన్నారు. అక్కడి అధికారుల్లో గిరిజనులంటే అభిమానం ఉన్నవాళ్లు ఉన్నారు.  ఊరికే కూర్చోబెట్టే బదులు ఈయనను అడవికి పంపితే నయమనుకున్నట్టున్నారు. అలా నాగా కొండలకు పోవాల్సిన పండితుడు నల్లమల చేరారు.

అప్పటి చెంచుల ఆస్తి ఏమిటి? విల్లంబులు, గడ్డలు తవ్వుకునే కర్ర, తేనె తీయడానికి కొండచరియ మీంచి దిగే తాడు. పెంటల్లో గుండ్రటి గుడిసెలు. ఇప్పపువ్వు రాలే కాలంలో ఇప్పపువ్వు, చింతపండు దొరికితే అందులో ఇంత బూడిద కలుపుకుని తినడం. వేటలో జంతువు పడితే ముందు గారెల మైసమ్మకు రెండు ముక్కలు పెట్టాకే ఇంటివాళ్లకు. భార్యాభర్తల మధ్య ఎక్కువతక్కువలు లేకపోవడం ఆ దంపతులను బాగా ఆకట్టుకుంది. 1943లో అచ్చయిన ఆయన పుస్తకం ‘ది చెంచూస్’ నిండా ఇలాంటివే. ఇవాళ చెంచుల గురించి ఎవరు ఏం రాయాలన్నా దాన్ని తిరగేయాల్సిందే.

పుస్తకంతో సరిపెట్టలేదు. అడవి సరుకు చెంచులు తెస్తే కాంట్రాక్టర్లు చేతిలో ఇన్ని గింజలు పోసి పంపేవారు. కింది ఉద్యోగుల వెట్టి సరేసరి. ఇదంతా చూసిన హైమన్‌డార్ఫ్, పైపీఠభూమిని వాళ్లకే వదిలేయమని సర్కారుకు సిఫారసు చేశారు. ఫలితంగా సుమారు లక్ష ఎకరాలు చెంచుల రిజర్వుగా ఏర్పడింది. అయితే నల్లమలలో ఆయన విద్యార్థి మాత్రమే. బడి ఇక్కడ రాలేదు. దానికోసం రాష్ట్రం ఈ కొస నుంచి ఆ కొసకు, ఆదిలాబాద్ అడవులకు పోవాలి.

సరిగ్గా ఆ 1940లోనే జోడేఘాట్ దగ్గర కుమురం భీం నేలకొరిగాడు. గోండులు ఎందుకు తిరగబడ్డారో తెలుసుకురమ్మని నిజాం ప్రభుత్వం హైమన్‌డార్ఫ్‌నే పంపింది. కాల్పులు జరిగాక, రక్తం ఆరకముందే, సర్కారు మనిషిగా ఒక తెల్లాయన ఊళ్లోకి వస్తే ఎవరు మాట్లాడతారు? ఆ దంపతులు తొందరపడలేదు. జైనూరు దగ్గర మార్లవాయి అనే గోండు గూడెంలో ఇల్లు వేసుకున్నారు. గోండీ నేర్చుకున్నారు. పండుగలకు కూర్చున్నారు. దీపావళికి నెమలి ఈకల టోపీలతో గుస్సాడీలు బయల్దేరి, దండారీ బృందం ఒక గూడెం నుంచి మరో గూడేనికి చుట్టరికం కలుపుతూ పోతుంటే, ఆ ఆటలూ పాటలూ వాటి వెనక కథలూ శ్రద్ధగా రాసుకున్నారు. కేస్లాపూర్‌లో పుష్యమాస అమావాస్యకు మెస్రం వంశస్థులు కాలినడకన గోదావరి నీళ్లు తెచ్చి నాగోబాను కడిగే జాతర ఉంది కదా. వేలమంది గిరిజనులు ఒకచోట చేరే ఆ రోజుల్లోనే అధికారులు వచ్చి వాళ్ల గోడు వింటే బాగుంటుందన్న ఆలోచన కూడా హైమన్‌డార్ఫ్‌దే. 1940లలో మొదలైన నాగోబా దర్బారు ఇప్పటికీ సాగుతోంది. దేవుడి పేరిట వచ్చిన జనం పొలం పట్టా గురించి కలెక్టరును నిలదీసే జాతర ఇంకెక్కడుంది?

1943లో మార్లవాయిలో బడి మొదలైంది. మామూలు బడి కాదు, గోండు యువకులను పంతుళ్లుగా తయారుచేసే శిక్షణ కేంద్రం. మొదట్లో వచ్చిన చిక్కల్లా ఒకటే. పాఠం చెప్పడానికి చదువుకున్న గోండు దొరకాలి కదా! కొద్దిగా అక్షరజ్ఞానం ఉన్నవాళ్లను వెతికి పట్టుకుని, వాళ్లకు నేర్పి, వాళ్లచేత మిగతావాళ్లకు నేర్పించారు. పిల్లాడికి ఇంట్లో తెలిసిన భాషలోనే అక్షరాలు దిద్దించాలని గోండీలో వాచకాలు వేయించారు. లిపి దేవనాగరి. తాతలు చెప్పే కథలు అచ్చులో కనిపిస్తే పిల్లలు చదవకేం చేస్తారు? అక్కడ శిక్షణ పొందినవాళ్లు పంతుళ్లయ్యారు, పట్వారీలయ్యారు, ఫారెస్టు గార్డులయ్యారు. నిన్నటిదాకా గార్డును చూసి పొదల్లో దాక్కున్న ఊళ్లో మనవాడే గార్డు!

ఈ రోజుల్లో పెద్ద నగరాల పిల్లలు, విదేశీ విద్యార్థులు సెలవుల్లో పల్లె బడికి వెళ్లి నాలుగు పాఠాలు చెప్పి, పండుగకు బొట్టు పెట్టించుకుని, ఫొటోలతో తిరిగి వెళ్లడం మామూలైంది. తప్పేం లేదు. కానీ మార్లవాయిలో వరుస తిరగబడింది. ముందు వాళ్లు కూర్చుని నేర్చుకున్నారు, ఆ తర్వాతే పలక ఇచ్చారు.

యుద్ధం ముగిశాక కొన్నేళ్లకు దంపతులు లండన్ వెళ్లిపోయారు. ఆయన అక్కడ ప్రొఫెసరయ్యారు. అయినా రాకపోకలు ఆగలేదు. 1970లలో మళ్లీ వచ్చి పాత గూడేలన్నీ తిరిగారు. పంచిన భూములు చాలాచోట్ల వలసవచ్చినవాళ్ల చేతుల్లోకి పోవడం చూసి, 1982లో వెలువడిన తన పుస్తకంలో ఆ సంగతి దాచకుండా రాశారు. 1987 జనవరి 11న బెట్టీ హైదరాబాద్‌లో కన్నుమూశారు. ఆమె సమాధి మార్లవాయిలోనే కట్టారు. హైమన్‌డార్ఫ్ 1995లో లండన్‌లో పోయారు. పదిహేడేళ్ల తర్వాత, 2012లో కుమారుడు ఆయన అస్థికలను మార్లవాయికి తెచ్చారు. గోండుల ఆచారం ప్రకారం కార్యం జరిపి భార్య పక్కనే ఉంచారు. ఏటా జనవరి 11న అక్కడ గూడేల జనం చేరతారు. గుస్సాడీ నాట్యానికి 2021లో పద్మశ్రీ అందుకుని 2024లో కన్నుమూసిన కనకరాజుదీ ఆ ఊరే. చూడాలనుకుంటే ఉట్నూరు మీదుగా జైనూరు వెళ్లి, అక్కణ్నుంచి మార్లవాయి చేరుకోవచ్చు.

మరి ఆయన మొదట డేరా వేసిన నల్లమలలో? సమాధి లేదు, వర్ధంతి లేదు. నాటి చెంచుల రిజర్వు ఇప్పుడు అమ్రాబాద్ పులుల అభయారణ్యంలో ఉంది. అడవి లోపలి పెంటలను బయటికి తరలించే మాట పదేపదే వినిపిస్తోంది. వెళ్తే ఇల్లూ బడీ ఆసుపత్రీ దగ్గరవుతాయంటారు కొందరు. మరి మైసమ్మ ఎక్కడికి వస్తుందని అడుగుతారు ఇంకొందరు. రెండు మాటల్లోనూ నిజముంది, అదే కష్టం.

ఆ రెండో మాట అర్థం కావాలంటే చైత్ర పౌర్ణమికి సలేశ్వరం పోవాలి. ఫరహాబాద్ దగ్గర అడవిలోకి మళ్లి, బండి ఆగిన చోటు నుంచి రాళ్లబాటలో కిలోమీటర్ల కొద్దీ నడవాలి. చేతికర్ర తప్పనిసరి. లోయ అడుగున జలపాతం, గుండం, గుహలో లింగమయ్య. పూజారులు చెంచులే. పెద్దపెద్ద ఆఫీసర్లు కూడా అక్కడ చెంచు పూజారి ముందు చేతులొగ్గి తీర్థం తీసుకుంటారు. దిగేటప్పుడు ‘వస్తున్నాం లింగమయ్యా’ అనీ, ఎక్కేటప్పుడు ‘పోతున్నాం లింగమయ్యా’ అనీ కేకలు లోయంతా మోగుతాయి. కొద్ది రోజుల్లో జాతర ముగుస్తుంది. జనం బస్సులెక్కుతారు, అటవీశాఖ దారి మూసేస్తుంది. చెంచులు మాత్రం కర్రలు భుజాన వేసుకుని పెంటల వైపు నడుస్తారు.