నానీ సేమ్ గింజలు, చీమల హిస్సా

మన ఇళ్లలో సేమ్ కీ ఫల్లీ అంటే సర్దీ మౌసమ్ వచ్చినట్టే. గోష్త్‌లో వేసినా, ఉల్లిగడ్డ, టమాటాతో వేపుడు చేసినా దస్తర్‌ఖాన్ మీద దాని ఇజ్జత్ దానిదే. బజారులో పావుకిలో కొంటే పోయేదానికి ఇంత మెహనత్ ఎందుకని మీరు అడగొచ్చు. నా దగ్గరున్నవి బజారు గింజలు కావు. మా నానీ ఏటేటా పందిరి మీద ఎండబెట్టి, బూడిద కలిపి మూటగట్టి దాచినవి. ఆమె ఇంతెకాల్ తర్వాత మిగిలినవి తొమ్మిదే. ఊర్లో ఆ పందిరి లేదు, ఇల్లూ లేదు. ఇవి పోతే ఆ రకం మా ఖాన్‌దాన్‌లోంచి పోయినట్టే. అందుకే వాటిని అమానత్ అనుకున్నాను.

తొలకరి పడ్డాక బిస్మిల్లాహ్ అని మిద్దె మీద పెయింట్ డబ్బాల్లో రెండేసి వేళ్ల కణుపుల లోతున నాటాను. ఆరు మొలిచాయి. మొలకకు మొదటి ముప్పు పిట్టలు, ఉడతలు. నీళ్ల బాటిళ్ల అడుగు కోసి, మూత తీసి, ఒక్కో మొలక మీద టోపీలా బోర్లించాను. నాలుగైదు ఆకులు వచ్చేదాకా అవే వాటి కిలా. అయినా రెండు మొక్కలను రాత్రిపూట ఏదో పురుగు మొదట్లో కొరికేసింది. నాలుగు మిగిలాయి.

తీగ సాగే వేళకు పేనుబంక దిగింది. లేత కొసల నిండా నల్లగా, నువ్వులు అద్దినట్టు. ఆకులు ముడుచుకుపోయాయి. వాటి వెంట చీమల బారు. పక్కింటి భాభీ చూసి, "చీమల పుట్టలో సలసల కాగే నీళ్లు పోసెయ్, ఖతం" అంది.

చేయి రాలేదు. ఒక నబీని చీమ కుట్టిందని ఆయన పుట్టనంతా కాల్పించారట. ఒక్క చీమ చేసినదానికి అంత మందినా అని అల్లాహ్ మందలించాడని హదీసులో ఉంది. పైగా చీమ మన మొక్కను తినదు. పేనుబంక వదిలే తీపి జిగురు కోసం దాన్ని మేకల్ని కాసినట్టు కాస్తుంది, దాన్ని తినే పురుగులను తరిమేస్తుంది. అసలు మర్జ్ పేనుబంకే. అది పోతే చీమలు వాటంతట అవే పోతాయి.

మూడు పనులు చేశాను. ఫజర్ తర్వాత ఆకుల అడుగున నీళ్లు గట్టిగా కొట్టి పేనుబంకను రాల్చాను. బాగా పట్టిన కొసలు తుంచేశాను. వారానికోసారి వేపగింజల కషాయం కొట్టాను: లీటరు నీళ్లకు 50 గ్రాముల వేపపప్పు పొడి, రాత్రంతా నానబెట్టి, గుడ్డలో వడకట్టి, ఆకుకు అంటుకోవడానికి కాస్త సబ్బు. కొట్టేది మగ్రిబ్‌కు ముందు, తేనెటీగలు వెళ్లిపోయాక. కొన్నాళ్లకు అక్షింతల పురుగులు వచ్చాయి. వాటి పిల్లలు నల్లగా, నారింజ మచ్చలతో భయంగా ఉంటాయి. చంపకండి, అవి పేనుబంకను తినే మన దోస్తులు. అవి కనిపించాక కషాయం ఆపేశాను.

మా చిన్నది అడిగింది: "అమ్మీ, మనం నాటినదాన్ని పిట్ట తిన్నా, మనిషి తిన్నా, జంతువు తిన్నా సదఖా అన్నావు కదా. మరి ఈ పురుగుల్ని ఎందుకు తోలుతున్నావ్?"

మంచి సవాల్. నాకు తోచిన జవాబు ఇది. ఎంత తోలినా కొంత తినే పోతాయి. ఆ హిస్సా సదఖా అని ఉమ్మీద్ పెట్టుకుంటాం. కానీ మొక్కనే చావనిస్తే పిట్టకూ లేదు, మనకూ లేదు, రేపటి గింజకూ లేదు. కాపాడటం మన ఫర్జ్, కాపాడేటప్పుడు జుల్మ్ చేయకపోవడమూ ఫర్జే. రిజ్క్ ఇచ్చేవాడు అల్లాహ్.

పందిరి చిక్కుడుకు సబ్ర్ కావాలి. పగటి పొద్దు తగ్గితే గానీ పూత పట్టదు. ఆకులే వస్తున్నాయని పీకేయకండి, యూరియా గుప్పించకండి. ఎరువు ఎక్కువై ఆకు లేతబడితే పేనుబంకకు అదే దావత్.

నవంబరులో ఊదా పూలు, తర్వాత కాయలు, అల్‌హందులిల్లాహ్. నాలుగు తీగల్లో బలమైనదాని కాయలు కూరకు కోయలేదు. తీగ మీదే ఎండనిచ్చాను. ఆ గింజలు ఖాలాకు కొన్ని, మా చెల్లెలికి కొన్ని, పక్కింటి భాభీకి కొన్ని. అమానత్ ఒక్క ఇంట్లోనే ఉంటే ఒక్క పురుగు చాలు. నాలుగిళ్లలో ఉంటే, ఇన్‌షాఅల్లాహ్, నిలుస్తుంది.