రాసుకుంటే సరిపోద్దా?

ఏప్రిల్ 15 వచ్చిందంటే మైపాడు పక్కన మా ఊళ్లో బోట్లన్నీ ఇసుక మీదికి ఎక్కేస్తాయి. జూన్ 14 దాకా 61 రోజులు వేట నిషేధం. చేపలు గుడ్లు పెట్టే కాలమని గవర్నమెంటు పెట్టిన రూలు. మా నాన్నకు మాత్రం అది బోటు బాగుచేసుకునే కాలం. ఫైబర్ బోటును బోర్లా వేసి, వేళ్లతో తట్టుకుంటూ పోతాడు. మోత తేడాగా వచ్చిన చోట సుద్దముక్కతో గీత పెడతాడు.

నాది సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. మొన్న నిషేధం రోజుల్లో వర్క్ ఫ్రమ్ హోమ్ పెట్టుకుని ఇంటికొచ్చా. క్యాలెండర్ వెనకాల నాన్న రాసిన చిట్టా కనిపించింది. రెసిన్, ఫైబర్ మ్యాటు, తాడు, ఇంజనుకు ఆయిలు.

"అన్నీ అయిపోయినట్టేనా నాన్నా?"

"రాసినా. ఇంకా తేవాల గదా. రాసుకుంటే సరిపోద్దా అబ్బయా?" అని నవ్వాడు.

నాకు నవ్వు రాలేదు. సరిగ్గా ఆ తప్పే నేను పద్నాలుగు నెలలు చేశాను.

అప్పట్లో చెన్నైలో ఒక చిన్న కంపెనీలో పనిచేసేవాణ్ని. ఉబుంటు సర్వర్ బాధ్యత నాదే. ఉబుంటులో సెక్యూరిటీ అప్‌డేట్లు వాటంతట అవే పడే ఏర్పాటు ఉంటుంది. ఒకసారి అది పట్టపగలు డేటాబేస్‌ను రీస్టార్ట్ చేసి నన్ను తిట్లు తినిపించింది. కోపమొచ్చి ఆపేశా. బదులుగా రోజూ రాత్రి రెండింటికి 'ఆప్ట్ అప్‌డేట్' నడిచేలా ఒక స్క్రిప్టు రాసిపెట్టా. పొద్దున్నే 'సక్సెస్' అని మెయిల్ వచ్చేది.

విషయం తెలిసినవాళ్లు ఇక్కడే తల పట్టుకుంటారు. తెలియనివాళ్లకు చెబుతా. 'ఆప్ట్ అప్‌డేట్' చేసేది, దేనికి కొత్త వెర్షన్ వచ్చిందో ఆ జాబితా తెచ్చుకోవడం. అంతే. సరుకు తెచ్చి బిగించేది 'ఆప్ట్ అప్‌గ్రేడ్'. నాకది తెలీక కాదు. టెస్ట్ చేశాక రెండో లైను కలుపుదాంలే అనుకుని మర్చిపోయా. రోజూ చిట్టా రాసుకున్నా, బజారుకు మాత్రం పోలేదు.

కొత్తగా చేరిన కుర్రాడొకడు నాకు సాయంగా ఉండేవాడు. "అన్నా, లాగిన్ అయినప్పుడల్లా రెండొందల పైచిలుకు అప్‌డేట్లు పెండింగ్ అని చూపిస్తోంది" అన్నాడు. మూడుసార్లు అన్నాడు. "రాత్రిపూట అవే అయిపోతాయిలే. నడిచేదాన్ని కెలకొద్దు" అన్నా.

ఒక ఆదివారం సర్వర్ నత్తలా తయారైంది. చూస్తే ఎవరో లోపల దూరి మా కంప్యూటర్ మీద క్రిప్టో కరెన్సీ మైనింగ్ చేసుకుంటున్నారు. వాళ్లు దూరిన కంతకు మరమ్మతు ఎప్పుడో నెలల కిందటే వచ్చింది. నేను వేయలేదు. సర్వర్ మొత్తం తుడిచి కొత్తగా కట్టడానికి నాలుగు రోజులు పట్టింది.

2017 మే 12న వాన్నాక్రై ప్రపంచాన్ని వణికించినప్పుడు మన ఆంధ్రప్రదేశ్ పోలీసు శాఖ కంప్యూటర్లు కొన్ని కూడా దాని బారిన పడ్డాయి. అది విండోస్ కథే. కానీ అప్పటికి సపోర్టు ఉన్న వెర్షన్లకు మైక్రోసాఫ్ట్ మార్చి 14నే మందు ఇచ్చేసింది. రెండు నెలల టైముంది. మందు చీటీ చేతిలో పెట్టుకుని కూర్చున్నది నేనొక్కణ్నే కాదు.

ఐతే నా అసలు తప్పు సర్వర్ దగ్గర జరగలేదు, మీటింగులో జరిగింది. "అప్‌డేట్లు ఎవరు చూస్తారు?" అని అడిగారు. వారం వారం చెక్‌లిస్టులో ఉన్నది ఆ కుర్రాడి పేరు. వాడు నావైపు చూశాడు. నేను ల్యాప్‌టాప్ వైపు చూశా. వాడి ప్రొబేషన్ మూడు నెలలు పొడిగించారు. నాకేమీ కాలేదు.

ఇప్పుడు నా పద్ధతి మారింది. ఆటోమేటిక్ సెక్యూరిటీ అప్‌డేట్లు ఆన్‌లోనే ఉంచుతా. మిగతావి ముందు టెస్ట్ మెషీన్ మీద వేసి, బ్యాకప్ తీసుకుని, ఆ తర్వాతే అసలు సర్వర్ మీద వేస్తా. కెర్నల్ మారితే రీబూట్ చేస్తా. చెయ్యకపోతే పాతదే నడుస్తూ ఉంటుంది. అట్లాగని కొత్తదల్లా మంచిదనీ కాదు. 2024లో ఎక్స్‌జెడ్ అనే టూల్ 5.6.0, 5.6.1 వెర్షన్లలో ఎవరో దొంగదారి పెట్టారు. లాగిన్‌కు అర సెకను ఎక్కువ పడుతోందేమని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజనీరు తవ్వబట్టి అది బయటపడింది. డెబియన్ స్టేబుల్ వాడేవాళ్ల దాకా అది రానేలేదు. అందుకే నేను స్టేబుల్ వదలను, దాని అప్‌డేట్లు ఆపను.

ఆ సాయంత్రం నాన్నతో పాటు నెల్లూరు పోయి రెసిన్, మ్యాటు తెచ్చాం. గీత పెట్టిన చోట గీకుతూ అడిగా, "నిరుడు వేటకు పోయినప్పుడు ఈ పగులు కనపడలేదా?"

"నీళ్లలో ఉన్నప్పుడు యాడ కనపడద్ది? కనపడేటప్పటికి నీళ్లు లోపలుంటాయి" అన్నాడు.

ఆ రాత్రి ఆ కుర్రాడికి మెసేజ్ పెట్టా. ఆ స్క్రిప్టు నాదేనని, ఆ రోజు నోరు విప్పాల్సింది నేనేనని, పాత మేనేజర్‌కు కూడా ఇదే రాసి పంపానని చెప్పా. వాడిప్పుడు బెంగళూరులో ఉన్నాడు. గంట దాకా జవాబు లేదు. తర్వాత ఒక్క లైను వచ్చింది.

"ఆ స్క్రిప్టు నీదని నాకు అప్పుడే తెలుసన్నా."