కోటలో మట్టల ఇల్లు, ఊళ్ళో సుట్టిల్లు

అన్నలూ, తమ్ముళ్ళూ, పోస్టు కాస్త పెద్దదే. డ్యూటీ నుంచి వచ్చి బాత్రూం కోసం లైన్లో ఉన్నప్పుడు చదువుకోండి.

మొన్న రాత్రి ఊరినుంచి అమ్మ ఫోటో పంపించింది. పక్కింటి పిల్లతో తీయించింది. మా సుట్టిల్లు. చూరు ఒక పక్కకి జారిపోయింది, తాటాకు నల్లగా కుళ్ళిపోయింది, లోపలి వాసాలు పక్కటెముకల్లాగ బయటపడ్డాయి. కింద వాయిస్ మెసేజ్. "వానలు రాకముందే ఏదోటి సెప్పండర్రా. కప్పిస్తారా, పడగొట్టిస్తారా?"

మేం అన్నదమ్ములం ఇద్దరం. కరామాలో పాత బిల్డింగు, ఆరుగురుండే రూము, అందులో ఒక పైమంచం, దాని కిందమంచం మావి. ఊరు ఉద్దానంలో, సోంపేట పక్క. ఇక్కడి డబ్బుతో ముందర స్లాబిల్లు కట్టాం. వెనకాల సుట్టిల్లు అలాగే ఉండిపోయింది. ప్రేమతో ఉంచామని అబద్ధం చెప్పం. పడగొట్టడానికి కూలి దండగ అనుకుని వదిలేశాం. ఇప్పుడు చెప్పాల్సొచ్చేసరికి రాత్రంతా ఇద్దరికీ వాదన. తమ్ముడు పడగొట్టేద్దామంటే అన్న ఆగమంటాడు. ఎందుకు ఆగాలో అన్న దగ్గరా జవాబు లేదు.

మర్నాడు ఒక సంగతి గుర్తొచ్చింది. 2016లో ఒక శుక్రవారం అల్ ఫహీదీ కోటకి వెళ్ళాం. మాకు దూరమేం కాదు, బుర్జుమాన్ దాటి క్రీక్ వైపు నడిస్తే వచ్చేస్తుంది. 1787 నాటి కోట, దుబాయిలో నిలబడున్న కట్టడాల్లో అన్నిటికన్నా పాతది, 1971 నుంచి మ్యూజియం. అప్పట్లో టికెట్టు 3 దిర్హాములు. లోపలికెళ్ళగానే ముంగిట్లో ఖర్జూరపు మట్టలతో కట్టిన ఇల్లొకటి. అరీష్ అంటారు. ఇద్దరం ఒకేసారి అన్నాం, "ఇదేటి, మన పాకలాగుంది?"

అప్పుడు నవ్వుకుని సెల్ఫీ దిగి వచ్చేశాం. ఇప్పుడు ఆలోచిస్తుంటే ఆ ఇంట్లో చాలా పనితనం ఉంది. ఈ ఇళ్ళకి ఖర్జూరపు మొద్దులో, మడ కర్రలో నిలబెట్టి చట్రం చేసేవారు. మట్టల ఆకు చీరేసి ఈనెల్ని వరసగా పేర్చి ఖర్జూరపు నార తాడుతో కట్టేవారు. మేకుతో పని లేదు. వేసవి ఇంటికి గోడ పలచగా కడితే సందుల్లోంచి గాలి దూరుతుంది, చలికాలానికి దట్టంగా కట్టుకోవాలి. ఆ కోటలోని ఇంటికి పైన గాలిబురుజు కూడా ఉంది. గుడ్డ కట్టి, పైనపోయే గాలిని పట్టి కిందికి దింపుతారు. ఏసీ బాగుచేసే తమ్ముళ్ళకి మేం చెప్పక్కర్లేదు, మీరిప్పుడు డక్టు వేసి చేసే పనే అది, కరెంటు లేకుండా.

మడ కర్రని ఇక్కడ చందల్ అంటారు. తూర్పు ఆఫ్రికా తీరం నుంచి పడవల మీద వచ్చేది. దాని పొడుగెంతో గది వెడల్పు అంత, మూడు మీటర్లు, మహా అయితే మూడున్నర. పక్కనున్న బస్తకియా పేటలో సముద్రపు రాయి, జిప్సం పెట్టి కట్టిన వర్తకుల మేడలక్కూడా అదే కొలత. మేడ ఎంత పెద్దదైనా గది మాత్రం సన్నంగా ఉంటుంది, కర్ర అంతకన్నా పొడుగు దొరకదు కాబట్టి. మా ఊళ్ళో తాటిదూలం దొరికినంతే ఇల్లని తాత అనేవాడు.

ఇప్పుడు మా సుట్టిల్లు సంగతి. గుండ్రంగా మట్టిగోడ, మూరెడు మందం. పైన తాటివాసాలు కుప్పలాగ ఒక కొనకి చేరతాయి. వాటిమీద అడ్డంగా వెదురు, కట్టుకి కొబ్బరితాడు, ఆపైన తాటాకు. చూరు నడుమెత్తుకి దిగుతుంది, వంగితేగానీ లోపలికి పోలేం. గాలికి కొట్టడానికి ఎదురుగోడ దొరకదు, గుండ్రం చుట్టూ జారిపోతుంది. 2018 అక్టోబరులో తిత్లీ వచ్చినప్పుడు మా కొబ్బరి, జీడి మొత్తం పడిపోయాయి. పక్కింటి రేకులు ఎగిరి పొలంలో తేలాయి. సుట్టింటికి సగం తాటాకు పోయింది గానీ వాసం ఒక్కటి కదల్లేదు. బిగించిన మేకు ఊడుతుంది, కట్టిన తాడు ఊగి ఊరుకుంటుంది. నిజం చెప్పాలంటే ఆ రాత్రి అమ్మ పడుకున్నది స్లాబు కిందే. అదీ చెప్పాలి కదా.

నిప్పు భయం కూడా చిన్నది కాదు. 1894లో దేరాలో అగ్గి పుట్టి మట్టల ఇళ్ళు చాలా కాలిపోయాయి. కలిగినవాళ్ళు అక్కణ్ణుంచి రాతికట్టడానికి మారారు. మా చిన్నప్పుడు ఎండాకాలం వస్తే ఊళ్ళో ప్రతి ఇంటి చూరుకీ కళ్ళే. తాటాకింట్లో పుట్టినోడు స్లాబు కోసం కలగంటే తప్పుపట్టడానికి మేమెవరం?

మా రూములో కార్పెంటరు బావ ఉన్నాడు. మా గొడవ విని యూట్యూబులో ఇంగ్లండులో ఒక ఇల్లు చూపించాడు. ఆల్ఫ్రిస్టన్ అనే ఊళ్ళో, 14వ శతాబ్దం నాటిది. ఓక్ చెక్క చట్రం, పైన గడ్డికప్పు. బరువంతా చెక్కదే. పాత రోజుల్లో ఇలాంటి ఇళ్ళలో చట్రం సందులకి పుల్లలు అల్లి మట్టి, గడ్డి, పేడ కలిపి మెత్తేవాళ్ళట. నేలకి సుద్ద దిమ్మిసకొట్టి పులిసిన పాలు పట్టించారట. మా అమ్మ పేడతో అలికినట్టే అన్నమాట. కూలిపోయే స్థితిలో ఉంటే 1896లో నేషనల్ ట్రస్టు అనే సంస్థ 10 పౌన్లకి కొన్నది. వాళ్ళు కొన్న మొదటి ఇల్లదే. పది పౌన్లు! మన రూములో ఒక మంచానికి నెలకి ఎంత కడుతున్నామో లెక్కేసుకోండి.

బస్తకియాది కూడా అలాంటి కథే. 1980ల్లో సగం పేట పడగొట్టేశారు. మిగిలిన సగంలో రేనర్ ఒట్టర్ అనే ఇంగ్లీషు ఆర్కిటెక్టు ఒక పాతింట్లో కాపురముండి దాన్ని బాగుచేసుకున్నాడు, పేటని ఉంచండని తిరిగాడు. 1989లో ప్రిన్స్ చార్లెస్ వచ్చి చూశాక పడగొట్టడం ఆగింది. ఇప్పుడు మనం ఆదివారాలు చాయ్ తాగి ఫోటోలు దిగేది ఆ మిగిలిన సగంలోనే.

ఇవన్నీ విన్నాక తమ్ముడు అడిగాడు, "మనింటికి ట్రస్టెవడు?" న్యాయమైన ప్రశ్న. కోటలో మట్టలిల్లు ఉందంటే ఎండిన మట్ట తీసి కొత్తది కట్టడానికి జీతమిచ్చి మనిషిని పెట్టబట్టి. తాటాకు రెండు మూడేళ్ళకోసారి మార్చాలి. ఇంకో సంగతి అమ్మ చెబితేగానీ తెలీలేదు. లోపల కట్టెపొయ్యి ఉన్నన్నాళ్ళూ పొగ తాటాకులోంచే బయటికి పోయేది, పురుగు పట్టేది కాదు. మేం గ్యాసు కొనిచ్చి పొయ్యి స్లాబింట్లోకి మార్చాం. ఇంటికి పొగ ఆగింది, పురుగు పట్టింది. సుఖపెడదామని చేసిందే కప్పుని తినేసింది.

మరి కప్పేవాడేడీ? ఊళ్ళో ఆ పని తెలిసిన ముసలాయన పోయాడు. ఆయన కొడుకు ఎక్కడున్నాడో అనుకున్నారు? మా రూములోనే, కిటికీ పక్క మంచం మీద. ఇక్కడ స్కాఫోల్డింగు పని. వరసకి మాకు మావయ్య. "మావా, నీకు కప్పడం వచ్చా?" అంటే నవ్వాడు. "సిన్నప్పుడు అయ్యకి కమ్మలందించినోణ్ణి. ముడి చేతికి గుర్తుంటాదిరా." చార్జరు వైరు తీసి మంచం కమ్మీకి ఒక ముడేసి చూపించాడు. ఇద్దరం లాగినా జారలేదు.

మే నెలలో ఆయనకి లీవు. కూలి వద్దన్నాడు, టికెట్టులో సగం మేమేసుకుంటామన్నాం. అమ్మకి ఫోన్ చేసి చెప్తే ఒక్కటే మాట, "అయితే పొయ్యి మళ్ళీ అందులోనే పెడతాను. మజ్జానం స్లాబు కింద ఉడికిపోతన్నాను."

ఇక మిగిలింది తాటికమ్మలు. మా దిబ్బ మీద తాళ్ళు తిత్లీకి నిలబడ్డాయి గానీ గీతగాళ్ళు తగ్గిపోయి కమ్మ కొట్టేవాడు దొరకట్లేదు. సోంపేట, కవిటి, కంచిలి వైపు వాళ్ళెవరైనా ఉంటే, మీ ఊళ్ళో కమ్మలు కొట్టి బండి మీద వేసేవాళ్ళుంటే ఇన్‌బాక్సులో చెప్పండి. ఏప్రిల్ ఆఖరుకి కావాలి, కొట్టాక కొన్నాళ్ళు బరువు కింద పెట్టి ఆరబెట్టాలట.