ఉగ్గబట్టుకుని

రాత్రి బస్సు ఎక్కాల్సిన రోజు మా ఇళ్లలో ఆడవాళ్లు మధ్యాహ్నం నుంచే నీళ్లు తగ్గించేస్తారు. ఎవరూ చెప్పక్కర్లేదు. చూసినప్పుడల్లా నాకు ఒళ్లు మండుతుంది. మగవాళ్లకు బస్సు ఆగిన చోటే చోటు, రోడ్డు పక్కన తుమ్మచెట్టు చాలు. ఆడవాళ్లు అడిగితే "ముందు హోటల్ దగ్గర ఆపుతాంలెండమ్మా" అంటారు. ఆ హోటల్ వచ్చేదాకా, దారిలో ప్రతి గతుకు దగ్గరా, ఆ బరువంతా ఆపేది మూత్రం బయటికొచ్చే దారిని చుట్టుకుని ఉన్న చిన్న కండరం.

ఒంట్లో ఇలాంటి ఉంగరాల్లాంటి కండరాలు చాలా ఉన్నాయి. డాక్టర్లు స్ఫింక్టర్లంటారు. ఎండలోకి రాగానే కంటిపాపను చిన్నది చేసేది ఒకటి. తిన్నది గొంతులోకి ఎగదన్నకుండా అన్నవాహిక అడుగున ఒకటి. పైత్యరసం చిన్నపేగులోకి దిగే చోట మరొకటి; దాని గురించి 1887లో రుగ్గెరో ఒడ్డి అనే ఇటలీ వైద్య విద్యార్థి రాస్తే, ఆయన పేరే దానికి స్థిరపడింది. ఇవేవీ మనల్ని అడిగి పనిచేయవు. కింద మలమూత్రాల దారుల్లో ఉన్న బయటి కండరాలు మాత్రం మన మాట వింటాయి. వింటాయి కాబట్టే వాటికి ఇంత చాకిరీ.

పెద్దవాళ్ల మూత్రాశయం సుమారు అర లీటరు పడుతుంది. సగం నిండకముందే మొదటి కబురు పంపుతుంది. ఆ కబురును గంటల తరబడి తోసిపుచ్చడం మనవాళ్లు ఆడపిల్లకు బడిలోనే అలవాటు చేస్తున్నారు. పొద్దున నింపి ఇచ్చిన నీళ్ల సీసా సాయంత్రం మూత తీయకుండానే ఇంటికొస్తుంది, బడిలో దొడ్డికి తలుపు గడియ ఉండదు కాబట్టి. బట్టల షాపుల్లో రోజంతా నిలబడి చీరలు విప్పి చూపించే అమ్మాయిలదీ ఇదే కథ. తర్వాత మంట, చలిజ్వరం, మాత్రలు. ఓపిక పట్టమ్మా అనేవాళ్లు ఒక్క పూట అలా పట్టి చూడాలి.

మోటార్ న్యూరాన్ జబ్బులో కాళ్లూ చేతులూ పడిపోయినా, చాలామందికి మలమూత్రాలు ఆపుకునే ఈ పట్టు మాత్రం చాలాకాలం నిలుస్తుంది. దాన్ని నడిపే నాడీకణాల గుంపు వెన్నుపాము అడుగున వేరుగా ఉంది, ఆ జబ్బు దాని జోలికి అంతగా పోదు. మనిషికి మిగలాల్సిన మర్యాద అదేనని నాకనిపిస్తుంది.

ఈ పట్టు పుట్టుకతో రాదు. రెండు మూడేళ్లకు మెదడూ మూత్రాశయమూ ఒక మాట మీదికి వస్తాయి. మా అమ్మమ్మ పెరట్లో కాళ్లు చాపుకుని, రెండు పాదాల మధ్య పసిబిడ్డను కూర్చోబెట్టుకుని "స్స్‌స్స్" అంటూ ఎంతసేపైనా ఉండేది. తొందరే లేదు. పక్క తడిపిందని పిల్లను కసురుకున్న కోడలి మీద మాత్రం గయ్యిమనేది: "దానికింకా పట్టు రాలేదు, నీకేమొచ్చింది? గుడ్డ మార్చు!" పొత్తిగుడ్డలన్నీ తాతయ్య పాత పంచెలే. కొత్తగుడ్డ గరుకని ముట్టనిచ్చేది కాదు. ఉతికి ఉతికి వెన్నలా అయిన పంచెను తనే చింపి, అంచు తీసేసి, నాలుగు మడతలు వేసి పెట్టేది.