పాటెప్పుడు మొదలవుతుంది?

మొన్న ఆదివారం భోజనానికొచ్చిన బావగారికి ‘లా యుంబా’ వినిపించాను. నిమిషం ఓపిక పట్టి, “బాగానే ఉందిగానీ, పాటెప్పుడు మొదలవుతుంది?” అన్నారు. మొదలై నిమిషమైంది బావగారూ అంటే, “అది మ్యూజిక్కు కదా, పాటేదీ?” అన్నారు.

బిలాస్‌పూర్ రైల్వే కాలనీలో ఏ తెలుగింట్లో పెట్టినా ఇదే ప్రశ్న. గొంతు వినబడితేనే పాట. వాద్యం ఒక్కటే మోగుతుంటే అసలుది ఇంకా రావాలనుకుంటాం.

బ్యూనస్ ఎయిరెస్ పియానిస్టు ఒస్వాల్డో పుగ్లియేసే 1946లో తన బృందంతో రికార్డు చేసిన టాంగో ‘లా యుంబా’. గాయకుడు లేడు. మొదటి, మూడో దెబ్బల మీద బృందమంతా బరువు వేస్తుంది. దెబ్బ పడకముందే బాస్ కమాను తీగను ఈడ్చుకుంటూ వస్తుంది. మధ్య దెబ్బల్లో పియానో అడుగు స్వరాలు పొడిగా మోగుతాయి. కోర్బా బొగ్గు నింపుకున్న గూడ్సు యార్డులోంచి కదులుతుంటే కప్లింగులు ఒక్కొక్కటే బిగుసుకుంటూ వెనక్కి పాకే ఈడ్పు అది. బరువు బండో ఖాళీ బండో మంచం మీంచే చెప్పగల వాళ్లం మనం. మనకు ఆ సంగీతం అందదంటే నేను నమ్మను.

పుగ్లియేసే కమ్యూనిస్టు. ఆయన్ని జైల్లో పెట్టినప్పుడు పియానో మీద ఎర్ర కార్నేషన్ పువ్వుంచి బృందం కచేరీ చేసేది. సంపాదన వాటాలేసుకునేవారు. 1974 రైల్వే సమ్మె చూసిన కాలనీ కదా, ఈ కథ చెబితే కదలకుండా వింటారు. ఆ బృందం వాయించింది పెడితే మాత్రం, పాటేదీ?

‘లా కుంపర్సీతా’ అనే మరో టాంగోకీ పుట్టుకతో మాటల్లేవు. మాంటెవిడియో విద్యార్థి మాతోస్ రోద్రిగేస్ కట్టిన మార్చ్ బాణీని బృందనాయకుడు ఫిర్పో టాంగోగా వాయించాడు. మాటలు 1924లో, మాతోస్‌ను అడక్కుండా తగిలించారు. వ్యవహారం కోర్టుకెక్కింది. డారియెంజో బృందం 1937 రికార్డులో అది మనల్ని తరుముతుంది. మరో బృందనాయకుడు త్రోయిలో 1943లో అదే బాణీని నిలిపి, వయొలిన్లకు ఊపిరి తీసుకోనిస్తాడు. ఏ మాటలు చెప్పగలవు ఆ తేడా?

ఇక్కడివాళ్లను చూస్తే ముచ్చటేస్తుంది. రౌత్ నాచా నాట్యాల రోజుల్లో సన్నాయిలాంటి మోహ్రీ మోగిందంటే చాలు, కాలు లేస్తుంది. అలాగని ఆఫీసులో ఒకాయన “మీవాళ్లకు సినిమా పాట తప్ప ఏముంది” అంటే ఊరుకోలేదు. ద్వారం వెంకటస్వామి నాయుడుగారు 1919 నుంచి విజయనగరం సంగీత కళాశాలలో పాఠం చెప్పారు. పక్కవాద్యమనుకున్న వయొలిన్‌తో ఒక్కరే నిండు కచేరీ చేశారు. గట్టిగానే చెప్పాను. కానీ ద్వారంవారు కృతి వాయిస్తుంటే వినేవాళ్ల లోపల త్యాగయ్య సాహిత్యం నడుస్తూనే ఉంటుంది. ‘లా యుంబా’కి ఆ ఆసరా లేదు.

మా నాన్నకూ లేదు. విజయనగరం నుంచి వచ్చి ఇక్కడి లోకోషెడ్డులో ఫిట్టరుగా చేశారు. రాగాల పేర్లు తెలీవు. రేడియోలో రెండు కార్యక్రమాల మధ్య ఖాళీకి వీణ వేస్తే చెయ్యెత్తేవారు, ఇల్లంతా నోరు మూసుకోవాలి. గ్రీజు దిగని బొటనవేలు మంచం పట్టె మీద దెబ్బకు ఇసుమంత వెనక పడేది. వార్తలు మొదలవగానే రేడియో కట్టేసి స్నానానికి వెళ్లేవారు.

మన ఉగాది సభల్లోనూ వాద్యం ఖాళీ నింపడానికే. అతిథులొచ్చేదాకా, మైకు కుదిరేదాకా పిల్లలు వయొలిన్ వాయిస్తారు, పెద్దలు కబుర్లాడతారు. ఈసారి కమిటీవారికి చెప్పాను: అందరూ కూర్చున్నాక, వడ్డన మొదలవక ముందు ఆ పిల్లలకు పది నిమిషాలు ఇవ్వండి. ఆలోచిస్తామన్నారు. మళ్లీ అడుగుతాను.